పెండ్లి లేని ఢావ్లో

“పిల్ల మంచిగున్నా నాకు భయమే అక్కా. మంచిగున్నదంటే ఏదో దాస్తున్నట్టే.”

బడి వంటగదిలో బియ్యం ఏరుతూ దేవీబాయి ఈ మాట అన్ననాటికి నిజానికి ఏమీ జరగలేదు. కూతురు గీత పొద్దున్నే లేచింది, చెప్పకుండానే వాకిలి ఊడ్చింది, టిఫిను డబ్బా పట్టుకుని డిగ్రీ కాలేజీకి పోయింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి నవ్వింది. అంతే. ఆ నవ్వు దేవీబాయి గొంతులో చేపముల్లులా మధ్యాహ్నం దాకా ఉండిపోయింది.

“నీకు నవ్వినా తప్పే, ఏడ్చినా తప్పే,” అంది పక్కన వంకాయలు కోస్తున్న గౌరీబాయి. ఇద్దరిదీ పెద్ద కొడప్‌గల్ దిక్కు ఒకటే తండా. బాన్సువాడకొచ్చి ఈ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతున్నారు. గౌరీబాయి వరసకు అక్క, నోటికి మాత్రం అత్త. “ఇంట్ల పిల్లి పాలు తాగకపోతే గూడ ఎవరో మందు వెట్టిన్రంటవ్ నువ్వు.”

“తాగకపోతే ఎందుకు తాగలేదో చూడాలె గదా.”

దేవీబాయి బతుకంతా ఇదే చూడటం. మొగుడు గణేష్ వర్ని దిక్కు నుంచి మిల్లులకు వడ్లు తోలే లారీ నడుపుతాడు. అతని నుంచి ఫోను వస్తే దవాఖాన నుంచేనని గుండె జారుతుంది. రాకపోతే ఫోను ఎత్తే స్థితిలో లేడని జారుతుంది. ఏడో తరగతితో చదువు ఆగిపోయినా, కీడును ముందే చదివేయడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

ఈమధ్య ఆ భయానికి ఇంట్లోనే ఒక వస్తువు దొరికింది. వానాకాలంలో వచ్చిన కీబోర్డు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే వెస్లీ, ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. చర్చికి కొత్తది రాగానే పాతది గీతకు నేర్చుకోమని ఇచ్చాడు. నేర్పిందీ అతనే. ఉన్నది కిరాయి ఇల్లు, గోడ అవతలే ఇంటాయన. అందుకని గీత చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకునే వాయించేది. బయటికి టక్ టక్ మని కీబోర్డు మెట్లు నొక్కే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ, మూగ పెట్టె మీద వేళ్లు పరుగెత్తిస్తున్న కూతుర్ని చూస్తే దేవీబాయికి పూనకం వచ్చినవాళ్లు గుర్తుకొచ్చేవారు.

“ఏం వాయిస్తున్నవే గంతసేపు?” అని ఒకసారి అడిగింది.

“జపాన్ బొమ్మల సీరియళ్లు ఉంటయి గద యాడీ, యానిమే. దాంట్ల మ్యూజిక్.” గీత తల్లిని తమ భాషలో యాడీ అనే పిలుస్తుంది. “అసలుదాంట్ల యాభై మంది వాయిస్తరు. వయొలిన్లు, ఫ్లూట్లు, ఏమేమో. దాన్నంత ఒక్క పియానోకు, రెండు చేతులకు సరిపోయేటట్టు మారుస్తున్న. అరేంజ్ చేసుడంటరు. మొదటిసారి గద, మస్తు తిప్పలైతుంది.”

“యాభై మంది పని నువ్వొక్కదానివి చేసుడేంది? వాళ్లకేమైంది?”

“వాళ్లకేం కాలే యాడీ. జపాన్ల మంచిగనే ఉన్నరు.”

“మరింక నీకేం రోగం?”

గీత పకపకా నవ్వింది. “అన్నీ వాయించరాదు యాడీ. ఏది ఉంచాలె, ఏది ఇడిచిపెట్టాలె, గదే అసలు పని. నేనేమో అన్నీ కుక్కుతున్న. వెస్లీ అన్న తిడుతుండు. ఫ్లూట్ అయితే ఊపిరి ఉన్నంతసేపు గుంజొచ్చు. పియానోల గట్ల కాదు. ఒక స్వరం కొడితే, కొట్టంగనే అది చచ్చుడు మొదలువెడ్తది. చచ్చేలోపట ఇంకోటి అందియ్యాలె.”

“దీపం పెట్టే యాళ్ల చచ్చుడు మాటలేందే!” అని దేవీబాయి అక్కణ్నుంచి లేచిపోయింది. ఆ మాట మాత్రం ఆమె వెంటే వచ్చింది.

గురువారం బడిలో పరీక్షలని వంట తొందరగా అయిపోయింది. దేవీబాయి ఎప్పుడూ రాని వేళకు ఇంటికొచ్చింది. తలుపు దగ్గర చెప్పులు విడుస్తుండగా లోపల్నుంచి గీత గొంతు వినిపించింది. మాటలు లేవు. సన్నగా పైకి లేచి, పైన కాసేపు వణికి, జారుతూ కిందికి దిగి, చివర వెక్కిలా తెగిపోతోంది. మళ్లీ లేస్తోంది. మళ్లీ అక్కడే తెగిపోతోంది.

దేవీబాయి ఒక చెప్పు కాలికుండగానే గోడ పట్టుకుంది.

ఢావ్లో.

తండాలో పుట్టిన ఆడదానికి ఆ వరస ఇంకొకరు చెప్పనక్కర్లేదు. పెండ్లయి అత్తగారింటికి పోయేటప్పుడు పిల్ల ఒక్కొక్కరి మెడా వాటేసుకుని ఏడుస్తూ పాడేది ఢావ్లో. తల్లి మెడ పట్టుకుని తల్లికి, అన్న మెడ పట్టుకుని అన్నకు. ఆడవాళ్లయితే పిల్లను పట్టుకుని అదే వరసలో బదులు పాడతారు. ఏడుపే అయినా అది ఊరికే రాదు. పెండ్లి దగ్గరపడగానే ముసలివాళ్లు పిల్లను కూర్చోబెట్టి నేర్పుతారు, ఎక్కడ గొంతు లేపాలి, ఎక్కడ ఊపిరి ఆపాలి అన్నీ. పెండ్లి లేని ఇంట్లో ఆ వరస తీయకూడదని దేవీబాయి తండాలో ముసలివాళ్లు అనేవారు. తీస్తే ఎడబాటు దారి కనుక్కుని వస్తుందట.

మరి పెండ్లి కుదరని పిల్ల, తలుపేసుకుని, ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని ఢావ్లో నేర్చుకుంటోందంటే ఏమిటి? దేవీబాయికి ఒక్క గుక్కలో అర్థమైపోయింది. పెండ్లి కుదిరింది. తమకు తెలియకుండా కుదిరింది. లేచిపోయే పిల్లకు వాటేసుకుని ఏడవడానికి మెడ ఎక్కడ దొరుకుతుంది? అందుకే ముందే ఒంటరిగా ఏడ్చుకుంటోంది.

తలుపు తోసుకుని లోపలికి పోయింది. గీత కీబోర్డు ముందు ఉలిక్కిపడి నోరు మూసుకుంది.

“ఎప్పుడొచ్చినవ్ యాడీ?”

“ఎందుకు, రావద్దా? ఏం పాటనే అది?”

గీత చూపు తప్పించింది. “ఏం లేదు. మ్యూజిక్.”

“ఎవరు నేర్పిన్రు?”

“ఎవ్వలు నేర్పలే.”

అబద్ధం చెప్పేటప్పుడు గీత చెవి కమ్మ తిప్పుకుంటుంది. ఇప్పుడూ తిప్పుకుంటోంది. దేవీబాయి ఇంకేమీ అడగలేదు. అడిగితే జాగ్రత్తపడుతుంది, చూస్తూ ఉంటే దొరుకుతుంది అనుకుంది.

దొరికింది కూడా. మరునాడు గీత పండుగకు కుట్టించుకున్న నీలం డ్రెస్సు బయటికి తీసి ఇస్త్రీ చేసుకుంది. ఏ పండుగా లేదు. సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తున్నట్టు నిలబడి ఫోనులో గుసగుసలాడింది. దేవీబాయి గోడ ఇవతల గిన్నె తోముతూ తోముతూ చెయ్యి ఆపింది.

“ఆదివారం పొద్దున బస్టాండుకు వస్త అన్నా. లే, ఇంట్ల ఇంక చెప్పలే. చెప్తే పంపరు.”

అన్నా అంటోంది, నిజమే. కానీ అన్న అనడానికి ఏముంది? బస్సులో కండక్టరునూ అన్న అంటాం, ఉల్లిగడ్డలు అమ్మేవాణ్నీ అన్న అంటాం. ఆ మాట అడ్డం పెట్టుకుని ఎన్ని ఇండ్లు మునగలేదు?

ముందు మొగుడికి ఫోను చేసింది. “లారీ తిప్పుకొని రా.”

“బండి నిండ వడ్లున్నయి, దించకుండ ఎట్లొస్తనే? ఏమైంది?”

“బిడ్డె ఢావ్లో తీస్తుంది.”

“మంచిగ తీస్తుందా?” అన్నాడు గణేష్.

“నీ మొకం!” అని ఫోను పెట్టేసింది.

శనివారం బడిలో గౌరీబాయి చెవిలో వేసింది. వేయడమే ఆలస్యం, గౌరీబాయి దగ్గర మందు తయారుగా ఉంది. “మా తమ్ముని కొడుకు దినేష్ ఉన్నడు గదా. బిచ్కుందల ఎరువుల దుకాణం. రేపే చూస్కపోమ్మంటా. చేతుల పెట్టేస్తే నీకు ఫికర్ ఉండదు, దానికి తిక్క ఉండదు.”

“రేపేనా?”

“ఆదివారమే గదా అది పోయేది? పక్షి లేచినంక గూడు అల్లుతవా?”

దేవీబాయి తలూపింది. పిల్ల పీజీ చదువుతానంటోంది, అడగకుండా మాటిచ్చేశాను అనుకుంది. మరుక్షణమే పెరట్లో విన్న మాట గుర్తొచ్చి మనసు రాయి చేసుకుంది. ఇంటికి పోకుండా నేరుగా బస్టాండు దగ్గరి దుకాణానికి నడిచింది.

వెస్లీ కంటికి అద్దం బిగించుకుని ఒక ఫోను పొట్ట విప్పి కూర్చున్నాడు. పక్కన ఒకామె ఫోన్లకు గాజు అంటిస్తోంది.

“రా అమ్మా, కూసో. ఫోన్ ఖరాబయిందా?”

“ఫోన్ కాదు. నా ఇల్లు ఖరాబైతుంది. ఈమె ఎవలు?”

“నా భార్య, అమ్మా. ప్రేమలత.”

“పెండ్లయిందా నీకు!” గుండె చల్లబడాల్సింది పోయి దేవీబాయికి ఇంకా మండింది. పెండ్లయినవాడా! ఇది మరీ ఘోరం. “పెండ్లాన్ని పక్కన కూసోవెట్టుకొని నా బిడ్డెను ఎక్కడికి తీస్కపోతున్నవయా రేపు?”

వెస్లీ కంటి అద్దం తీసేశాడు. ప్రేమలత అతని వంక కోపంగా చూసి, “నేను చెప్పలే?” అంది. తర్వాత దేవీబాయి వైపు తిరిగి స్టూలు జరిపింది. “అమ్మా, ముగ్గురం పోతున్నం. చర్చిల రేపు ఈయన బదులు వేరేటాయన వాయిస్తడు. నిజామాబాద్‌ల ఒక మేడం పియానో నేర్పిస్తది. రేపు ఆమె ఇంట్ల నేర్చుకునేటోళ్లు అందరు వాయిస్తరు, ఎవరిది వాళ్లు తయారుచేసుకున్నది. గీత చేసింది బాగున్నదని ఈయన పేరిచ్చిండు. అక్కడ అసలు పియానో ఉంటది. గీత ఇంతవరకు దాన్ని ముట్టుకోలే. ఇంట్ల చెప్పందే తీస్కపోవద్దని నేను ఖరాఖండిగ చెప్పిన.”

“ఇంక చెప్పలేదా గీత?” అన్నాడు వెస్లీ.

దేవీబాయి నమ్మలేదు. వీళ్లిద్దరూ కలిసి ఒక్కటే మాట అంటున్నారంటే ముందే అనుకుని ఉండాలి. “ఏదీ, ఆ జపాన్ పాట నాకు చూపియ్యి,” అంది.

వెస్లీ ఫోనులో పెట్టి చేతికిచ్చాడు. బొమ్మల్లో మంచు కురుస్తోంది. చెంపంత కళ్లున్న ఒక పిల్ల చిన్న సంచి పట్టుకుని ఇంట్లోంచి బయటికొచ్చింది. గుమ్మంలో తల్లి నిలబడింది. పిల్ల వంగి దండం పెట్టింది, తల్లి తల వంచింది. పిల్ల నడుచుకుంటూ పోయి రైలెక్కింది. వెనకాల సంగీతం ఎక్కడెక్కడినుంచో వచ్చి కూడుకుని, పెద్దదై, సన్నబడింది. రైలు చప్పుడు మాత్రం మిగిలింది.

“ఎవ్వలు ఏడుస్తలేరేంది?”

“వాళ్ల దిక్కు గంతే అమ్మా. లోపట్ల ఏడుస్తరు.”

దేవీబాయి ఫోను తిరిగిచ్చేసింది. “ఇది కాదు నా బిడ్డె పాడేది.”

“ఇదే అమ్మా. గానీ...” వెస్లీ కొంచెం తటపటాయించాడు. “రైలు కదులుతది చూడు, అక్కడ అసలుదాంట్ల మ్యూజిక్ లేదు. ఉత్త చప్పుడే. గీత అక్కడ తన సొంతంది ఒక ముక్క పెట్టింది. మొన్న జర వాయించి చూపిచ్చింది. నాకైతే రోమాలు నిక్కినయి. ఎక్కడిదని అడిగితే చెప్తలేదు.”

ఆ ముక్క ఏమిటో ఈ బజారులో దేవీబాయి ఒక్కదానికే తెలుసు. దారంతా అదే తొలిచింది. నిజామాబాద్ నిజమే అనుకుందాం, మేడం నిజమే అనుకుందాం. మరి ఢావ్లో ఎందుకు? ఎవరి కోసం? పోవాలని లేని పిల్ల ఎడబాటు పాటను చేతులారా ఇంట్లోకి ఎందుకు తెచ్చుకుంటుంది? రేపటిది కాకపోతే ఎల్లుండిది ఏదో పన్నుతోంది.

ఇంటికొచ్చేసరికి గీత కీబోర్డు ముందే ఉంది, చెవులు మూసుకుని. దేవీబాయి పోయి హెడ్‌ఫోన్ల తీగ పట్టి లాగేసింది. పెట్టె ఒక్కసారిగా గది నిండా మోగింది. గీత గభాలున చేతులు తీసేసింది.

“వెస్లీ కాడికి పోయొచ్చిన.”

గీత ముఖం పాలిపోయింది. “యాడీ, చెప్దామనే అనుకున్న...”

“అనుకున్నది చాలు. వాయించు. మొదటికెల్లి అంత.”

“ఇంటాయన వింటడు.”

“విననియ్యి. నేను గూడ ఇంతవరకు వినలే.”

గీత వాయించింది. ఒకచోట వేలు తప్పు మెట్టు మీద పడి మళ్లీ వెనక్కి పోయింది. దుకాణంలో విన్న అంత పెద్ద సంగీతం ఇక్కడ బక్కచిక్కి, సగం బట్టలు విప్పేసుకుని వచ్చినట్టుంది. కానీ దారి అదే. ఎడమ చెయ్యి కింద మంచులో నడిచినట్టు మెల్లగా అడుగులు వేస్తోంది. కుడి చెయ్యి గుమ్మం దగ్గర నిలబడింది, తల వంచింది, నడిచింది. రైలు దగ్గరికి వచ్చేసరికి ఎడమ చెయ్యి మొత్తానికే ఆగిపోయింది. ఒక్క కుడి చెయ్యి పైకి లేచి, వణికి, జారింది.

దేవీబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గొంతు కాదు అది, ఉత్త మెట్లు. అయినా మెడ చుట్టూ చేతులు పడినట్టే అయింది.

అయిపోయాక గీత తల ఎత్తలేదు. “తిట్టు యాడీ.”

“ఎక్కడ నేర్చినవే దీన్ని?”

“లక్‌పతి మామ బిడ్డె పెండ్లిల. నువ్వు దాన్ని పట్టుకొని ఏడ్చినవ్ చూడు. అందరు ఎవరి గొంతు వాళ్లు ఎత్తిన్రు గానీ నీదే నాకు యాదికున్నది.”

“పెండ్లి లేని ఇంట్ల తియ్యొద్దని తెల్వదా?”

“తెల్సు. అందుకే చెప్పలే.”

“తెలిసి గూడ తీస్తివి. అంటే పోవాలని ఉన్నది నీకు. ఎవనితోని పోతున్నవ్? చెప్పు. మీ నాయనకు చెప్ప, నాకొక్కదానికి చెప్పు.”

గీత అప్పుడు తల ఎత్తింది. కోపం వస్తుందనుకుంది దేవీబాయి. రాలేదు.

“ఎవనితోని పోత యాడీ? రెండు చేతులకు సరిపోను మ్యూజిక్ రాయనీకే నాకు దిక్కుతోస్తలేదు.” కళ్లు తుడుచుకుంది. “ఆ బొమ్మల ఆ పిల్ల ఇల్లు ఇడిచి పోతుంటది. వాళ్లమ్మ గుమ్మంలకెల్లి ఒక్క అడుగు ముందటికెయ్యదు. ఎన్నిసార్లు చూసిన్నో. ఎవ్వలు దాని మెడ పట్టుకుంటలేరు. అన్ని వాయిద్యాలు ఉన్నయి, అదొక్కటే లేదు. నాకు బాగనిపియ్యలే. అందుకే పెట్టిన. ఆ పిల్లది కాదు యాడీ అది. వాళ్లమ్మది.”

దేవీబాయి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

“నువ్వు ఆ ముక్క తీసెయ్యమంటే తీసేస్త,” అంది గీత. “గానీ అది తీసి నేను రేపు వాయియ్య. ఉత్తగ రైలు పోయినట్టు నాతోని కాదు. ఇంట్లనే ఉంట. ఉంచాల్నా, తీసెయ్యాల్నా? నువ్వే చెప్పు.”

ఏం చెప్పాలి? ముసలివాళ్ల మాట ఉత్తదే అనడానికి దేవీబాయికి ధైర్యం లేదు. ఇది కూడా పిల్ల తెలివేనేమో, అమ్మను ఏడిపించి పని చేయించుకోవడం ఈకాలం పిల్లలకు రాదా? అలా అనుకుని కూతురి చెవి వైపు చూసింది. కమ్మ మీద చెయ్యి లేదు. రెండు చేతులూ మెట్ల మీదే ఉన్నాయి, నొక్కకుండా, నొక్కితే మోగిపోతుందన్నట్టు.

ఫోను మోగింది. గౌరీబాయి పేరు. రేపు దినేష్‌ను ఎన్నింటికి రమ్మంటావని అడగడానికే అయి ఉంటుంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. దేవీబాయి దాన్ని తిప్పి బోర్లా పెట్టింది. గోడ అవతల ఇంటాయన ఊరికే దగ్గాడు. వీధిలో పాల బండి హారను కొట్టుకుంటూ పోయింది. వాకిట్లో ఎండ గుమ్మం దిగిపోయింది.

చివరికి దేవీబాయి లేచి కూతురి పక్కకొచ్చి నిలబడింది.

“ఉంచు. గౌరక్కకు రేపు పిల్లగాన్ని తీస్కరావద్దని నేను చెప్త. గానీ రేపు నేనొస్త. ఆ మేడంకు చెప్పు, పియానో కాడ నీ పక్కకు నాకు గూడ ఒక కుర్చీ వెయ్యమని.”